గరుకు అద్దం: పాఠకుల ప్రశ్నలు, మా జవాబులు

పెద్ద ఫార్మాట్ కెమెరా (పెద్ద పెద్ద విడి ఫిల్ములు వాడే కెమెరా) వెనకవైపు, ఫోకస్ చూసుకోవడానికి బొమ్మ తలకిందులుగా పడే అద్దాన్నే గ్రౌండ్ గ్లాస్ అంటారు. కొందరు ఫోకసింగ్ స్క్రీన్ అంటారు. అది పగిలిందంటే మిగతా కెమెరా ఎంత బాగున్నా గుడ్డిదే. ఈసారి వచ్చిన ఉత్తరాల్లో ఎక్కువ భాగం ఆ అద్దాన్ని ఇంట్లో చేసుకోవడం గురించే కాబట్టి శీర్షిక మొత్తం దానికే కేటాయించాం.

*ప్రశ్న: నా 4×5 అంగుళాల కెమెరా గ్రౌండ్ గ్లాస్ పగిలింది. బయటి నుంచి తెప్పిస్తే ఖర్చు, ఆలస్యం. ఇంట్లో చేసుకోగలనా? ఏమేం కావాలి, ఎలా చెయ్యాలి?*
– విజయవాడ

జవాబు: చేసుకోవచ్చు. ఒక పూట పని. నైపుణ్యం కంటే శుభ్రత ఎక్కువ కావాలి.

ముందు అద్దం. ఫోటో ఫ్రేములు కట్టే దుకాణంలో 2 మి.మీ. మామూలు ఫ్లోట్ గ్లాస్ దొరుకుతుంది. టఫెన్డ్ గ్లాస్ వద్దు, దాన్ని తర్వాత కొయ్యడం కుదరదు. పాత కిటికీ అద్దాలు కూడా వద్దు, అలలు అలలుగా ఉంటాయి. కొలత కోసం పగిలిన ముక్కల్ని నమ్మకండి. అద్దం కూర్చునే ఫ్రేము లోపలి పొడవు, వెడల్పు కొలిచి, రెండు వైపులా 1 మి.మీ. తగ్గించి కోయించండి. ఒకటి కాదు, మూడు కోయించండి. మొదటిది పాడవుతుందనే అనుకోండి. పైగా దుకాణదారుడికి ఒక ముక్క కోసినా మూడు కోసినా ఒకటే శ్రమ.

నాలుగు మూలలూ 8 నుంచి 10 మి.మీ. మేర ఏటవాలుగా కత్తిరించమనండి. ఇది అలంకారం కాదు. బెల్లోస్ (లెన్సుకూ అద్దానికీ మధ్య ఉండే మడతల సంచి) ముడిచినప్పుడు లోపలి గాలి ఆ సందుల్లోంచి బయటికి పోతుంది. ఇంకో ఉపయోగమూ ఉంది: మూల సందులోంచి లెన్సు వైపు చూస్తే, మీరు పెట్టిన అపర్చర్ (వెలుగు వచ్చే రంధ్రం) పూర్తి గుండ్రంగా కనిపించాలి. పిల్లికన్నులా నొక్కుకుపోయి కనిపిస్తే ఆ మూల ఫిల్మ్ మీద చీకటి పడుతుందని ముందే తెలిసిపోతుంది.

తర్వాత పొత్రం. అంటే రుద్దే ముక్క. 5 లేదా 6 మి.మీ. మందం గాజు, సుమారు 5 సెం.మీ. చదరం, మూలలు గుండ్రంగా చేసినది. పట్టుకోవడానికి పైన ఒక సీసా మూత ఆరల్డైట్‌తో అంటించండి. రెండు 4×5 అద్దాలనే ఒకదాని మీద ఒకటి పెట్టి రుద్దినా పని జరుగుతుంది, ఒకేసారి రెండు స్క్రీన్లు వస్తాయి. కానీ అవి పీల్చుకుని అతుక్కుపోతాయి, విడదియ్యబోతే పగులుతాయి. మొదటిసారికి చిన్న పొత్రమే మేలు.

పొడి: సిలికాన్ కార్బైడ్, మన దుకాణాల మాటలో కార్బొరండం పొడి. 400 నంబరు ఒకటి, 600 నంబరు ఒకటి. ఒక్కోటి 25 గ్రాములుంటే రెండు మూడు అద్దాలకు సరిపోతుంది. టెలిస్కోపు అద్దాలు అరగదీసుకునేవాళ్లు వాడే పొడి ఇదే. రాళ్లు సానబట్టేవాళ్లకు సామాన్లు అమ్మే చోట అడగండి. మెకానిక్ షాపుల్లోని వాల్వ్ పేస్ట్ గురించి చాలామంది అడుగుతున్నారు. అందులో నూనె ఉంటుంది, పొడి ఎంత సన్ననిదో డబ్బా మీద ఉండదు, కడిగినా జిడ్డు వదలదు. గతిలేనప్పుడు తప్ప వద్దు.

రుద్దడం మొదలుపెట్టే ముందు చాలామంది వదిలేసే పని ఒకటుంది. అద్దానికీ పొత్రానికీ అన్ని అంచులనూ తడిపిన 320 వాటర్ పేపర్ (నీళ్లతో వాడే గరుకు కాగితం) మీద 45 డిగ్రీల వాలుగా రుద్ది, అర మిల్లీమీటరు మేర పదును తీసెయ్యాలి. అలా తియ్యకపోతే రుద్దేటప్పుడు అంచు నుంచి గాజు పెచ్చులు లేచి మధ్యలోకి దొర్లుతాయి. అద్దం మీద అర్ధచంద్రాకారంలో లోతైన గీతలు వచ్చాయంటే కారణం పొడి కాదు, ఈ పెచ్చులే.

ఇక అసలు పని. బల్ల మీద నాలుగు మడతల తడి వార్తాపత్రిక పరిచి దాని మీద అద్దం పెట్టండి, జారదు. పావు చెంచా 400 పొడి, పది పదిహేను చుక్కల నీళ్లు, ఒక చుక్క గిన్నెలు తోమే ద్రవం. పొత్రంతో చిన్న చిన్న సున్నాలు చుడుతూ అద్దమంతా తిరగండి. సానరాయి మీద గంధం తీసేటప్పుడు ఎంత బలం పెడతామో అంతే, ఎక్కువ వద్దు. మొదట కరకరమని గట్టిగా చప్పుడు వస్తుంది. రెండు నిమిషాలకు అది బుసబుసగా మారి మెత్తబడుతుంది. అంటే పొడి నలిగి పదును పోయిందన్నమాట. అక్కడికి ఒక వాయి అయింది. తుడిచి కొత్త పొడి వెయ్యండి. వాయి వాయికీ అద్దాన్ని పావు వంతు తిప్పండి. పొత్రం మూడో వంతు అంచు దాటి బయటికి వచ్చేలా రుద్దకపోతే మధ్య భాగం అరిగి అంచులు నున్నగా మిగిలిపోతాయి. నీళ్లు ఆరిపోయి పొత్రం పట్టేస్తే లాగకండి. పక్కన నీళ్లు పోసి ఒక నిమిషం ఆగి, పక్కకు జరపండి.

400 తో ఐదారు వాయిలు వేశాక అద్దం కడిగి పూర్తిగా ఆరనివ్వండి. తడిగా ఉంటే అంతా బాగానే ఉన్నట్టు కనిపిస్తుంది, అది మోసం. చీకటి గదిలో టార్చి వెలుగు పక్కనుంచి ఏటవాలుగా పడేలా పెట్టి చూడండి. తళుక్కుమనే చుక్కలుంటే అక్కడ ఇంకా అరగలేదు. ఆ చోటును అద్దం వెనక మార్కరుతో గుర్తు పెట్టి ఇంకో రెండు వాయిలు వెయ్యండి.

చుక్కలన్నీ పోయాకే 600 కి వెళ్లాలి. వెళ్లేముందు అద్దం, పొత్రం, చేతులు, గోళ్ల సందులు, బల్ల, అన్నీ కడిగి పత్రికలు మార్చండి. ఒక్క 400 రేణువు మిగిలినా అది 600 మధ్యలో గీతలు పెడుతుంది, మళ్లీ మొదటికి వస్తారు. 600 తో ఎనిమిది, పది వాయిలు. 400 చేసిన గుంటలన్నీ చెరిగిపోవాలి కాబట్టి ఇక్కడ తొందరపడితే అద్దం మీద అక్కడక్కడ పెద్ద పెద్ద మెరుపు రవ్వలు మిగులుతాయి. లూప్‌తో (ఫోకస్ చూసే చిన్న భూతద్దంతో) చూసినప్పుడు అవే అడ్డొస్తాయి.

మొదటి అద్దానికి 600 దగ్గర ఆగండి. ఎందుకో కింద ఇంకో ప్రశ్నలో చెప్పాం. పొడి కలిపేటప్పుడు ముక్కుకు గుడ్డ కట్టుకోండి, తడిశాక దుమ్ము లేవదు. ఆ బురదను సింకులో పొయ్యకండి, గొట్టం అడుగున గట్టిపడుతుంది. పాత కాగితంతో తుడిచి చెత్తలో వెయ్యండి.

*ప్రశ్న: కార్బొరండం పొడి దొరక్క 600 నంబరు వాటర్ పేపర్‌తో అద్దాన్ని రుద్దాను. అన్నీ గీతలే. పొడి నంబరూ అదేగా, తేడా ఏమిటి?*
– కర్నూలు

జవాబు: నంబరు ఒకటే, కొలత ఒకటి కాదు. విడి పొడికి ఒక వరుస, కాగితాలకు ఇంకో వరుస ఉన్నాయి. పొడిలో 600 అంటే రేణువు సుమారు 9 మైక్రాన్లు. కాగితంలో 600 అంటే సుమారు 26 మైక్రాన్లు. అంటే మూడింతలు ముతక. పొడి 600 తో సమానమైన కాగితం కావాలంటే 2000 నంబరు దాకా పోవాలి.

అయినా అసలు కారణం అది కాదు. కాగితానికి అంటుకున్న రేణువు దొర్లదు, ఒక్క దిక్కుగా గీస్తుంది. విడి పొడి రెండు గాజుల మధ్య దొర్లుతూ చిన్న చిన్న గుంటలు కొడుతుంది. గీతలు వెలుగును వాటికి అడ్డంగా ఒక దిక్కునే చిమ్ముతాయి. గుంటలు అన్ని వైపులా చిమ్ముతాయి. మనకు కావలసింది గుంటలు. కాగితం అంచుల పనికి ఉంచుకోండి.

*ప్రశ్న: ఇంట్లో చేసిన అద్దం బిగించాను. ఎఫ్/22 లో తీస్తే ఫోటోలు బాగానే వస్తున్నాయి. ఎఫ్/5.6 లో ముఖం మీద ఫోకస్ చేస్తే చెవులు స్పష్టంగా, కళ్లు మసగ్గా వస్తున్నాయి. లెన్సు పాడైందా?*
– హైదరాబాద్

జవాబు: లెన్సును ఏమీ అనకండి. మీ అద్దం ఫిల్మ్ ఉండాల్సిన చోట లేదు. వచ్చిన ఉత్తరాలన్నిటిలోకీ ముఖ్యమైనది ఇదే, ఎందుకంటే చాలామంది అద్దం ఎంత వెలుగ్గా ఉందో చూసి మురిసిపోతారు, ఎక్కడ ఉందో కొలవరు. మసకగా ఉన్న అద్దం సరైన చోట ఉంటే ఫోటో వస్తుంది. మెరిసే అద్దం అర మిల్లీమీటరు పక్కకు ఉంటే రాదు.

మొదట చూడాల్సింది: గరుకు వైపు లెన్సు వైపుకే ఉందా? తిరగేసి బిగించడం అందరూ చేసే తప్పు. 2 మి.మీ. అద్దాన్ని తిరగేస్తే గరుకు ముఖం 2 మి.మీ. వెనక్కి పోతుంది. గాజు గుండా వెళ్లే కిరణాలు వంగడం వల్ల అందులో మూడో వంతు సర్దుకుంటుంది, మిగిలేది సుమారు 1.3 మి.మీ. తప్పు. ఫిల్మ్ దగ్గర ఎంత తప్పు చెల్లుతుందో లెక్క సులువు: ఎఫ్ నంబరును (ఎఫ్/22 లో 22; అది పెరిగేకొద్దీ అపర్చర్ చిన్నది) 0.1 తో గుణించండి. 4×5 కి ఇది ఉదారమైన లెక్కే. ఎఫ్/22 లో అటూ ఇటూ 2.2 మి.మీ. దాకా చెల్లుతుంది, అందుకే మీ ఫోటోలు బాగున్నాయి. ఎఫ్/5.6 లో చెల్లేది 0.56 మి.మీ. మాత్రమే. చిన్న అపర్చర్ తప్పును దాచిపెడుతుంది, తియ్యదు.

మీరు కళ్ల మీద ఫోకస్ చేస్తే వెనకున్న చెవులు స్పష్టంగా వచ్చాయంటే ఫిల్మ్ కంటే అద్దం లెన్సుకు దూరంగా ఉందని అర్థం. తిరగేసిన అద్దం లక్షణం సరిగ్గా ఇదే. తిప్పి బిగించి చూడండి.

తిప్పినా పోకపోతే కొలవాలి. 4×5 ఫిల్మ్ హోల్డర్లకు (ఫిల్మ్ పెట్టి కెమెరా వెనక దూర్చే పలచని చట్రాలకు) అమెరికా ప్రమాణం ఒకటుంది: హోల్డర్ ముఖం నుంచి ఫిల్మ్ ఆనుకునే పలక దాకా లోతు 0.197 అంగుళం, అంటే 5.00 మి.మీ. చెల్లే తేడా 0.007 అంగుళం. ఫిల్మ్ మందం కూడా సుమారు 0.007 అంగుళమే, 0.18 మి.మీ. కాబట్టి గరుకు ముఖం ఉండాల్సిన లోతు 4.82 మి.మీ.

కొలిచే పద్ధతి: గ్రౌండ్ గ్లాస్ ఫ్రేమును కెమెరా నుంచి ఊడదీసి, లెన్సు వైపు ముఖం పైకి వచ్చేలా పడుకోబెట్టండి. హోల్డర్ ఆనుకునే అంచుల మీద ఒక స్టీలు స్కేలును అంచు మీద నిలబెట్టి, ఫ్రేముకు అడ్డంగా పెట్టండి. వెర్నియర్ కాలిపర్ తోక పుల్లను స్కేలు పై అంచు నుంచి గరుకు ముఖం దాకా దించి చదవండి, అందులోంచి స్కేలు వెడల్పు తీసెయ్యండి. మధ్యలో ఒకటి, నాలుగు మూలల్లో నాలుగు, మొత్తం ఐదు చోట్ల కొలవండి. ఇప్పుడు పనికిరాని ఫిల్మ్ ఒకటి హోల్డర్‌లో పెట్టి, దాని మూత పలక (స్లైడు) లాగేసి అదే స్కేలుతో అలాగే కొలవండి. పుల్లను గట్టిగా నొక్కితే ఫిల్మ్ వంగి తప్పు లెక్క వస్తుంది, తగిలీ తగలనట్టు ఆపాలి. పుస్తకంలో ఉన్న అంకె కంటే మీ హోల్డర్లు చూపే అంకెకే విలువ. రెండు లెక్కలూ 0.1 మి.మీ. లోపు కలిస్తే చాలు.

అద్దం లెన్సుకు దగ్గరగా ఉంటే, అంటే ఫోకస్ చేసిన దానికంటే ముందున్న వస్తువు స్పష్టంగా వస్తుంటే, అద్దానికీ అది ఆనుకునే గట్టుకూ మధ్య పలచని పట్టీలు పెట్టి వెనక్కి జరపాలి. మామూలు 80 జీఎస్ఎం జెరాక్స్ కాగితం సుమారు 0.1 మి.మీ. ఉంటుంది, లెక్క కుదిరేదాకా దానితో ప్రయత్నించండి. తర్వాత అదే మందానికి ఓహెచ్‌పీ షీటు (పారదర్శక ప్లాస్టిక్ షీటు) పట్టీలు పెట్టండి. కాగితం వానాకాలం తేమకు ఉబ్బుతుంది. అద్దం దూరంగా ఉంటే పాత పట్టీలేమైనా ఉన్నాయేమో చూసి తియ్యండి. అవి లేకపోతేనే గట్టును అరగదియ్యాలి, ఆ పనిని ఎంత వాయిదా వేస్తే అంత మంచిది.

చివరి పరీక్ష ఫిల్మ్ మీదే. బల్ల మీద ఏడు అగ్గిపెట్టెలు నిలువుగా, ఒక్కోటి 2 సెం.మీ. వెనక్కి, కొంచెం పక్కకు జరిపి వరసగా పేర్చండి. లెన్సు పూర్తిగా తెరిచి నాలుగో పెట్టె మీద ఫోకస్ చేసి తియ్యండి. ఫిల్మ్ మీద నాలుగోదే స్పష్టంగా రావాలి. ఫిల్మ్ ఖరీదైతే ఫోటో ప్రింటు కాగితాన్ని ఫిల్మ్ సైజుకు కోసి హోల్డర్‌లో పెట్టండి. అది ఫిల్మ్ కంటే కాస్త మందం, ఈ పరీక్షకు ఆ తేడా అడ్డు కాదు. దాని వేగం చాలా తక్కువ, 6 ఐఎస్ఓ అనుకుని ఎక్స్‌పోజర్ మొదలుపెట్టండి.

*ప్రశ్న: అల్యూమినియం ఆక్సైడ్ 3 మైక్రాన్ల పొడితో చాలా సన్నగా అరగదీశాను. బొమ్మ ఎంతో వెలుగ్గా ఉంది. కానీ ఫోకస్ చేసిన ప్రతిసారీ వేరే చోట కుదురుతోంది. కొలతలు సరిగ్గానే ఉన్నాయి.*
– బెంగళూరు

జవాబు: మీ అద్దం మరీ సన్నబడింది. గరుకుతనం తగ్గేకొద్దీ అద్దం పారదర్శకం అవుతుంది. అప్పుడు మీ కన్ను అద్దం మీద పడ్డ బొమ్మను కాక, అద్దానికి ముందో వెనకో గాలిలో తేలే బొమ్మను చూసి తృప్తిపడుతుంది. కన్ను దానంతటదే సర్దుకుంటుంది కాబట్టి మీకు తెలియదు. వయసు తక్కువవాళ్లకు ఈ ఇబ్బంది ఎక్కువ, వాళ్ల కన్ను ఎక్కువ దూరం సర్దుకోగలదు కదా.

పరీక్ష ఇలా. గరుకు వైపు పెన్సిలుతో సన్నని గీత గీయండి. బొమ్మలో ఒక అంచు ఆ గీతకు ఆనేలా పెట్టి తల కొంచెం కుడికీ ఎడమకీ ఊపండి. బొమ్మ గీతతో కలిసి కదలకుండా ఉంటే అది అద్దం మీదే ఉంది. గీతను వదిలి జారితే గాలిలో ఉంది.

రెండు దారులున్నాయి. మొదటిది: 4 రెట్ల నుంచి 6 రెట్ల లూప్ తీసుకుని, ముందు పెన్సిలు గీత స్పష్టంగా కనిపించేలా లూప్‌ను సరిచేసి అక్కడే బిగించండి. ఆ తర్వాతే బొమ్మ చూడండి. లూప్ గీతకు కట్టుబడి ఉంటే కన్ను తిరుగుళ్లు తగ్గుతాయి. రెండోది: 600 పొడితో మళ్లీ నాలుగు వాయిలు వేసి వెనక్కి రావడం. మా సలహా రెండోదే. 3 మైక్రాన్ల అద్దంలో ఇంకో దోషం కూడా ఉంది. వెలుగు అంతా ముందుకే పోయి, మధ్యలో బల్బు పెట్టినట్టు ఒక గుండ్రని మెరుపు, చుట్టూ చీకటి.

*ప్రశ్న: 90 మి.మీ. ఎఫ్/8 లెన్సు పెడితే మూలలు అసలు కనిపించవు. ఎ4 సైజు ప్లాస్టిక్ భూతద్దం షీటు కోసి పెడితే ఫలితం ఉంటుందా? ఎటు పక్క పెట్టాలి?*
– విశాఖపట్నం

జవాబు: ఉంటుంది. ఆ షీటు నిజానికి ఫ్రెనెల్ లెన్సు. మూలలకు వాలుగా వచ్చే కిరణాలను లోపలికి, మీ కంటి వైపుకు వంచుతుంది.

ఇంట్లో అమర్చేటప్పుడు దాన్ని ఎప్పుడూ అద్దం వెనక, అంటే మీ కంటి వైపే పెట్టండి. గాడులున్న ముఖం అద్దానికి ఆనాలి, నున్నటి ముఖం మీ వైపు. అలా పెడితే ఫోకస్ ఏమీ మారదు. లెన్సుకూ అద్దానికీ మధ్య పెడితే షీటు మందంలో మూడో వంతు మేర ఫోకస్ జరుగుతుంది. 1.5 మి.మీ. షీటుకు అర మిల్లీమీటరు. కొన్ని కెమెరాలను తయారీదారులే ముందువైపు ఫ్రెనెల్‌తో, ఆ లెక్క వేసి చేశారు. అలాంటి కెమెరాలో దాన్ని వెనక్కి మార్చినా, తీసేసినా ఫోకస్ తప్పుతుంది, మళ్లీ పట్టీలతో సర్దాలి.

షీటు శక్తి గురించి కొంచెం లెక్క. లెన్సు అద్దానికి 90 మి.మీ. దూరం, మీ కన్ను 300 మి.మీ. దూరం అనుకుంటే, మూలల వెలుగు సరిగ్గా కంట్లో పడాలంటే ఫ్రెనెల్ ఫోకల్ దూరం సుమారు 70 మి.మీ. ఉండాలి. 150 మి.మీ. లెన్సుకైతే 100 మి.మీ. పుస్తకాలు చదువుకునే షీట్లు సాధారణంగా ఇంతకంటే చాలా బలహీనం. వాటితో మూలలు మెరుగవుతాయి కానీ మధ్యలో ఉన్నంత వెలుగు రాదు. మీ షీటు ఎంతో తెలుసుకోవాలంటే ఎండలో పట్టుకుని చుక్క పడే దూరం కొలవండి, కాగితం అంటుకోకుండా చూసుకోండి.

షీటు మధ్యబిందువు అద్దం మధ్యలోకే రావాలి. కోసేటప్పుడు మధ్య నుంచి కొలిచి కొయ్యండి, మూల నుంచి కాదు. ఒక నష్టం: లూప్‌తో చూస్తే గాడుల వలయాలు కనిపిస్తాయి. అందుకే షీటును క్లిప్పులతో పెట్టి, కూర్పు చూసుకున్నాక తీసేసి ఫోకస్ చేసేవాళ్లు ఉన్నారు. 90 మి.మీ. లెన్సుకు అద్దం కూడా మరీ సన్నగా కాకుండా, 400 దగ్గర ఆపినది ఉంటే మూలలు ఇంకొంచెం సమంగా ఉంటాయి. నల్లగుడ్డ కింద రెండు నిమిషాలు కళ్లు మూసుకుని తెరవడం మాత్రం ఉచితం.

*ప్రశ్న: మా ఇంట్లో పాత స్టూడియో హాఫ్ ప్లేట్ కెమెరా ఉంది. అద్దం లేదు, చెక్క ప్లేట్ హోల్డర్లు మూడున్నాయి. మీరు చెప్పే ప్రమాణాల లోతు దీనికి వర్తిస్తుందా?*
– రాజమహేంద్రవరం

జవాబు: వర్తించదు. హాఫ్ ప్లేట్ అంటే 4¾×6½ అంగుళాలు, గాజు ప్లేట్ల కాలం నాటి సైజు. మన స్టూడియోల్లో తిరిగిన చెక్క కెమెరాలు, ఆలప్పుళలో తయారైన వాగీశ్వరి వంటివి సహా, హోల్డర్లతో జతగా చేతితో చేసినవి. ఒక కెమెరా హోల్డర్ ఇంకోదానికి సరిపోతుందన్న హామీ లేదు. మీ మూడు హోల్డర్లనూ విడివిడిగా కొలవండి. మూడూ కలవకపోతే ఏ రెండు కలుస్తాయో వాటికే అద్దాన్ని సర్ది, మూడోదాన్ని పక్కన పెట్టండి.

ఇంకో మెలిక ఉంది. పుస్తకంలా తెరుచుకునే చెక్క హోల్డర్లలో ప్లేటు ముందు గట్టుకు ఆనుతుంది, వెనక నుంచి స్ప్రింగు నొక్కుతుంది. అంటే ప్లేటు ఎంత మందమైనా మందు (వెలుగుకు స్పందించే పూత) పూసిన ముఖం ఎప్పుడూ ఒకేచోట. మీరు ఇప్పుడు పెట్టేది పలచని ఫిల్మ్ కాబట్టి దాని వెనక గట్టి దన్ను లేకపోతే బొజ్జలా వెనక్కి వంగుతుంది. 1.5 మి.మీ. గాజు ముక్కగానీ గట్టి అట్టగానీ నల్లరంగు వేసి ఫిల్మ్ వెనక పెట్టండి. లోతు కొలిచేటప్పుడు కూడా ఆ దన్నుతోనే కొలవాలి.

ఫిల్మ్ దొరకదని దిగులు పడకండి. 8×10 అంగుళాల ఎక్స్‌రే ఫిల్మ్ ఒక్కదాంట్లో రెండు హాఫ్ ప్లేట్ ముక్కలు వస్తాయి. ఆకుపచ్చ వెలుగుకు స్పందించే రకాన్ని వెలుగు తక్కువున్న ఎర్ర దీపం కింద కొయ్యవచ్చు. మామూలు ఎక్స్‌రే ఫిల్మ్‌కు రెండు వైపులా మందు ఉంటుంది, డెవలపర్‌లో మెత్తబడ్డప్పుడు ట్రే అడుగు తగిలినా గీత పడుతుంది. ట్రే అడుగున నున్నటి గాజు వేసుకుంటే కొంత నయం.

చెక్క ఫ్రేములో అద్దాన్ని ఎప్పుడూ బిగుతుగా ఇరికించకండి. వానాకాలంలో చెక్క ఉబ్బితే పగిలేది అద్దమే. ఈ సైజుకు అద్దం 2 మి.మీ. చాలు.

*ప్రశ్న: గాజు మీద డిజైన్లు వేసే ఎచింగ్ క్రీమ్ పూస్తే రుద్దే పని తప్పుతుంది కదా?*
– గుంటూరు

జవాబు: తప్పుతుంది, అద్దం కూడా తప్పిపోతుంది. క్రీమ్ మందంగా పడ్డచోట ఒకలా, పలచగా పడ్డచోట ఒకలా తింటుంది. మబ్బులు మబ్బులుగా వస్తుంది. అలంకారానికి పరవాలేదు, ఫోకస్‌కు పనికిరాదు. ఇక హైడ్రోఫ్లోరిక్ ఆమ్లం గురించి అడిగినవాళ్లకు: ఇంట్లోకి తేవద్దు. అది చర్మం మీద పడ్డప్పుడు వెంటనే మంట పుట్టకపోవచ్చు, ఈలోగా లోపలికి దిగి ఎముక దాకా పోతుంది. కాస్త పొడితో అయ్యే పనికి ప్రాణం పణం పెట్టక్కర్లేదు. బాత్రూము కిటికీలకు వేసే ఫ్రాస్టెడ్ గ్లాస్ కూడా ఇసుక కొట్టినదైతే మరీ ముతక.

*ప్రశ్న: మా కాలేజీ ఫోటోగ్రఫీ క్లబ్బు పిల్లలు అట్టపెట్టెలతో 4×5 కెమెరాలు చేస్తున్నారు. ఇరవైమందికి గాజు రుద్దించలేం. చవకైన దారి చెప్పండి.*
– వరంగల్

జవాబు: గీతలు లేని 2 మి.మీ. పారదర్శక గాజు మీద స్కాచ్ మ్యాజిక్ టేపు, అంటే అంటిస్తే కనిపించని మసక టేపు, పక్కపక్కనే అంటించండి. అతుకులు సన్నని గీతల్లా కనిపిస్తాయి, పిల్లలకు అవే గ్రిడ్ గీతలు అనుకోమనండి. టేపు కింద బుడగలు లేకుండా పాత ఏటీఎం కార్డుతో నొక్కాలి. టేపు ఉన్న వైపే లెన్సు వైపు.

ఇంజినీరింగ్ డ్రాయింగుకు వాడే డ్రాఫ్టింగ్ ఫిల్మ్ ఇంకా మంచిది. మసక ముఖాన్ని లెన్సు వైపు పెట్టి, బిగుతుగా లాగి అంటించాలి. ట్రేసింగ్ కాగితం ఒక రోజు ప్రదర్శనకు సరే, కానీ చేతి తేమ తగలగానే అలలు లేస్తుంది, లోపల నారలు కనిపిస్తాయి. యాక్రిలిక్ షీటును వాటర్ పేపర్‌తో రుద్దడం మాత్రం వద్దు, కర్నూలు పాఠకుడికి వచ్చిన గీతలే వస్తాయి. పైగా ఎండకు వంగుతుంది.

అట్టపెట్టె కెమెరాలో లోతు తప్పు గాజు తప్పుకంటే పెద్దదిగా ఉంటుంది. హోల్డర్ దూర్చే సందు, స్క్రీన్ పెట్టే సందు ఒకటే అయ్యేలా చెయ్యండి. స్క్రీన్‌ను హోల్డర్ ఆకారంలోనే కట్టి, అదే సందులోంచి తీసి హోల్డర్ దూరిస్తే సగం తప్పులు పుట్టవు.

*ప్రశ్న: గ్రిడ్ గీతలు దేనితో గీయాలి? ఏ వైపు?*
– నెల్లూరు

జవాబు: హెచ్‌బీ పెన్సిలుతో, గరుకు వైపు. గరుకు గాజు పలక మీద రాసినట్టే రాసుకుంటుంది, రబ్బరుతో చెరుగుతుంది. భవనాలు తీసేవాళ్లకు 20 మి.మీ. గళ్లు హాయిగా ఉంటాయి. హోల్డర్‌లో ఫిల్మ్ అంచులు కొంత దాగిపోతాయి కాబట్టి 4×5 లో నిజంగా బొమ్మ పడే చోటు సుమారు 95×120 మి.మీ., దాని చుట్టూ ఒక గీత గీసుకోండి. ఇంకు పెన్ను వాడితే గుంటల్లోకి దిగి పాకుతుంది.

*ప్రశ్న: కొత్త అద్దం మీద వేలిముద్ర పడ్డచోట పారదర్శకంగా మచ్చ వచ్చింది. మళ్లీ రుద్దాలా?*
– తిరుపతి

జవాబు: అక్కర్లేదు. వేలి జిడ్డు గుంటల్లో నిండితే అక్కడ వెలుగు చెదరదు, అందుకే మచ్చ. గోరువెచ్చని సబ్బునీళ్లలో పాత టూత్‌బ్రష్‌తో మెల్లగా రుద్ది, కడిగి, నిలువుగా ఆరబెట్టండి. గుడ్డతో తుడిస్తే నూలు పోగులు గరుకు వైపు చిక్కుకుంటాయి. పెన్సిలు గీతలు కూడా పోతే మళ్లీ గీసుకోండి.